ఛన్నగంధులు: గజవనాలలో మానవగంధ గోపనం – ఒక చారిత్రక పరిశీలన

కౌటిలీయార్థశాస్త్రం రెండవ అధికరణంలోని రెండవ అధ్యాయం నాగవనాల రక్షణను, అంటే ఏనుగుల అడవుల రక్షణను గురించి చెబుతుంది. నాగవనపాలురు తమ సహాయకులతో కలిసి గజయూథాల ఉనికిని, విస్తృతిని ఎలా కనిపెట్టాలో అందులో ఒక సూత్రం వివరిస్తుంది. ఏనుగుల మూత్రపురీషాలతో తమ ఒంటి వాసనను కప్పిపుచ్చుకోవాలి. భల్లాతకీ శాఖల చాటున ఉండాలి. ఐదు లేక ఏడు ఆడ ఏనుగులను వెంట ఉంచుకొని సంచరించాలి. ఏనుగులు పడుకొన్న చోటు, నిలిచిన చోటు, అడుగుజాడ, లద్దె, ఒరసి కూల్చిన గట్టు అనే గుర్తులను బట్టి మందను అంచనా వేయాలి. సూత్రం చిన్నదే. అయినా భారతీయ వాఙ్మయంలో పెద్ద జంతువును సమీపించే మనిషి తన గంధాన్ని ఎలా అదుపులో పెట్టుకోవాలో ఇంత స్పష్టంగా చెప్పిన వాక్యం మరొకటి ఈ వ్యాసకర్త దృష్టికి రాలేదు.

ఈ వాక్యానికి ఆధునిక కాలంలో జరిగిన అన్యాయాన్ని ముందుగా చెప్పుకోవాలి. ఆర్. శామశాస్త్రి మైసూరు ప్రాచ్యగ్రంథాలయానికి చేరిన వ్రాతప్రతి ఆధారంగా 1909లో మూలాన్ని, 1915లో ఆంగ్లానువాదాన్ని ప్రకటించారు. శతాబ్దాలపాటు కనుమరుగైన గ్రంథాన్ని వెలికితీసిన ఆ మహోపకారానికి ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు. అయితే ఈ సూత్రం దగ్గర ఆయన అనువాదం వేరే దారి పట్టింది. వనపాలకులు ఏనుగుల మూత్రపురీషాల జాడ వెంట, భల్లాతకీ శాఖలు కప్పిన అటవీమార్గాల గుండా వెళ్లి మందలను కనుగొంటారని ఆయన అర్థం చెప్పారు. అందులో ‘గంధం’ అన్న మాటకు చోటే లేదు. వాసన దాచుకొన్న మనిషి స్థానంలో జాడ తీసే మనిషి మాత్రమే మిగిలాడు. తరువాత ఆర్.పి. కాంగ్లే 1960లో పరిష్కృత పాఠాన్ని, 1963లో అనువాదాన్ని వెలువరించినప్పుడు ఈ పొరపాటు సవరింపబడింది. అయినా తొలి అనువాదానికి దశాబ్దాలపాటు ఉన్న వ్యాప్తి తక్కువది కాదు. దానిని ఆధారంగా చేసుకొని ప్రాచీన భారతీయ మృగయను గురించి వ్రాసినవారికి ఈ విద్య ఉన్నదన్న ఊహ కూడా కలగకపోవడం సహజమే.

కాంగ్లే అర్థమే సరైనదని చెప్పడానికి వ్యాకరణం ఒక్కటే చాలు. ఛన్నగంధ, ప్రచ్ఛన్న అనే రెండు పదాలూ నాగవనపాలురకు విశేషణాలుగా ప్రథమా బహువచనంలో ఉన్నాయి. మొదటిది బహువ్రీహి. కప్పబడిన గంధం గలవారు అని విగ్రహం. కప్పబడింది దారి కాదు, మనిషి. దీనికి తోడు మరొక అంతరంగ సాక్ష్యం ఉంది. అదే సూత్రం చివర జాడలను లెక్కించేటప్పుడు లద్దెను ‘లేండ’ అనే వేరే పదంతో మళ్ళీ పేర్కొంది. జాడ తీయడానికి పనికివచ్చే లద్దెకు అక్కడ స్థానం ఉండగా, మొదటి మూత్రపురీషాలను కూడా జాడగానే తీసుకొంటే పునరుక్తి దోషం వస్తుంది. పొదుపుగా మాట్లాడే సూత్రకారుడు ఒకే పదార్థాన్ని రెండుసార్లు చెప్పాడంటే రెండు ప్రయోజనాలను ఉద్దేశించే చెప్పి ఉండాలి. ఒకటి పూసుకోవడానికి, రెండవది చదవడానికి.

ఇక్కడ ఎవరు పూసుకొంటారన్నది కూడా ప్రధానమే. నాగవనపాలుని వెంట ఉండేవారిలో మావటీలు, ఏనుగుల కాళ్లకు పాశాలు తగిలించేవారు, సరిహద్దు కాపరులు, వనచరులు, పరిచారకులు ఉన్నారని సూత్రం చెబుతుంది. ఈ పట్టికలో వనచరులు ఉండటం వల్ల ఈ జ్ఞానం ఎక్కడినుండి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. రాజధానిలో కూర్చొన్న శాస్త్రకారుడు లద్దె పూసుకొని అడవిలో తిరిగి ఉండడు. అడవిలో పుట్టి పెరిగినవారి అనుభవం రాజ్యపు అవసరం కోసం సూత్రరూపం ధరించింది. గ్రంథంలో వారికి వృత్తినామమే తప్ప వేరే పేరు లేదు.

భల్లాతకి అంటే మన నల్లజీడి. చాకలివారు బట్టలపై గుర్తులు పెట్టడానికి వాడే గింజ ఈ చెట్టుదే. దాని రసం ఒంటికి తగిలితే పొక్కుతుంది. ఏనుగుల దగ్గరికి వెళ్లేవాడు ఈ చెట్టునే ఎందుకు ఎంచుకోవాలో కౌటిల్యుడు చెప్పలేదు. కొమ్మల చివర గుత్తులుగా ఉండే పెద్ద పెద్ద ఆకులు మనిషిని చక్కగా మరుగుపరుస్తాయన్నది సులభంగా తోచే కారణం. చెట్టు రసానికి ఉన్న గాఢత కూడా ఒక కారణమై ఉండవచ్చుననిపిస్తుంది గాని, దానిని సిద్ధాంతంగా చెప్పడానికి ఆధారం చాలదు.

ఈ గంధగోపనం చంపడానికి ఉద్దేశించింది కాదన్నది గమనార్హం. అదే అధ్యాయంలో ఏనుగును చంపినవానికి మరణదండన విధింపబడింది. తనంతట తానుగా చనిపోయిన ఏనుగు దంతాల జతను తెచ్చి ఇచ్చినవానికి నాలుగుంపావు పణాల బహుమానం ఉంది. వాసన దాచుకొని మందను సమీపించినవాడు చేయవలసిన పని లెక్క వ్రాయడం. మందతో తిరిగేది, ఒంటిగా తిరిగేది, మంద తప్పినది, యూథపతి, దుష్టగజం, మదించినది, గున్న, బంధనం నుండి తప్పించుకొన్నది అంటూ ఒక్కొక్కదానిని నిబంధంలో, అంటే వ్రాతపూర్వకమైన పట్టికలో, నమోదు చేయాలి. ఆ పట్టిక ఆధారంగానే ఏనుగులను పట్టడం జరుగుతుంది. పట్టడానికి తగిన కాలం గ్రీష్మం. పట్టదగిన వయస్సు ఇరవై ఏళ్లు. గున్నను, రోగిని, చూలుతో ఉన్నదానిని, పాలిచ్చేదానిని పట్టకూడదు. ఇన్ని వివరాలు తెలియాలంటే మందను చెదరగొట్టకుండా, చాలాసేపు, చాలా దగ్గరగా చూడాలి. మనిషి గాలి సోకితే మంద క్షణంలో కదిలిపోతుంది. కాబట్టి ఇక్కడ గంధగోపనాన్ని వేట ఉపాయం అనడం కంటే గణనకు సాధనం అనడం సమంజసం. వేటకూ గణనకూ నడుమ ఉన్న ఈ పొత్తు ప్రాచీన రాజ్యవ్యవస్థను అధ్యయనం చేసేవారు మరింత శ్రద్ధగా చూడదగినది.

గజశ్రేష్ఠతను చెప్పే సందర్భంలో కౌటిల్యుడు కళింగ, అంగ దేశాల ఏనుగులను ఉత్తమ కోటిలో చేర్చాడు. ప్రాచీన కళింగంలో నేటి ఉత్తరాంధ్ర భాగాలు కూడా చేరి ఉన్నందువల్ల ఈ సూత్రం మన ప్రాంతానికి పూర్తిగా పరాయిది కాదు.

ఈ ఉపాయం నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్న చరిత్రకారుడు వేసుకోక తప్పదు. శాస్త్రగ్రంథాలలో ఊహలు కూడా ఉంటాయి. ఏనుగు ఘ్రాణశక్తిని గురించి ఇటీవలి పరిశోధనలు చెప్పేది ఆశ్చర్యకరంగా ఉంది. 2014లో ప్రకటితమైన జన్యు పరిశీలన ప్రకారం ఆఫ్రికా ఏనుగులో పనిచేసే ఘ్రాణగ్రాహక జన్యువులు సుమారు 2000 ఉన్నాయి. మనిషిలో ఉన్నవి 400 లోపే. కుక్కతో పోల్చినా ఏనుగుకు అవి రెట్టింపు. కెన్యాలోని అంబొసెలిలో జరిగి 2007లో వెలువడిన మరొక అధ్యయనం ఇంకా విశేషమైనది. ఈటెలతో ఏనుగులను పొడిచే అలవాటు ఉన్న మాసాయి యువకులు తొడిగిన వస్త్రాలను, వ్యవసాయం చేసుకొనే కాంబా వారు తొడిగిన వస్త్రాలను ఏనుగులకు వాసన చూపించారు. మాసాయి వస్త్రాల వాసనకు ఏనుగులు చాలా ఎక్కువగా బెదరి, వేగంగా, దూరంగా పారిపోయాయి. అంటే ఏనుగు ‘మనిషి’ వాసనను మాత్రమే గాక, ఏ మనిషి వాసనో కూడా విడదీసి గుర్తిస్తుంది.

అటువంటి ముక్కు ముందు లద్దె పూత మనిషి వాసనను మాపివేస్తుందని అనుకోవడం కష్టం. అయితే సూత్రాన్ని మళ్ళీ చదివితే కౌటిల్యుడు లద్దె పూతను ఒంటరిగా చెప్పలేదని తెలుస్తుంది. దానికి జతగా ఐదు లేక ఏడు ఆడ ఏనుగులు ఉన్నాయి. మనిషి వాసనను లేకుండా చేయడం ఇందులోని తంత్రం కాదు. దానిని మందకు పరిచితమైన వాసనల నడుమ కలిపివేయడమే తంత్రం. అస్సాంలో చాలాకాలం సాగిన మేళా శికారులో ఫాందీ అనే పాశధారి మచ్చిక ఏనుగుపై ఎక్కి అడవి ఏనుగు పక్కకు చేరి పాశం వేసేవాడు. మచ్చిక ఏనుగుపై ఉన్న మనిషిని అడవి జంతువులు నేలపై ఉన్న మనిషిని సహించని దూరంలో కూడా సహించడం అటవీ సిబ్బందికి నేటికీ నిత్యానుభవమే. లద్దె పూత ఈ పనిలో సహాయకారి. ప్రధాన సాధనం ఆడ ఏనుగే.

గజగ్రహణంలో వాసన ఎరగా కూడా పనిచేసిందని గ్రీకు రచనలు చెబుతున్నాయి. మెగస్తనీసును అనుసరించి అరియన్ వ్రాసిన ‘ఇండికా’లో ఏనుగులను పట్టే పద్ధతి వివరంగా ఉంది. సమతలంలో చుట్టూ లోతైన కందకం తవ్వి, లోపల మూడు నాలుగు మచ్చిక ఆడ ఏనుగులను ఉంచుతారు. లోనికి పోయేందుకు ఒకే వంతెన. జంతువులు అనుమానించకుండా దానిపై మట్టి, గడ్డి దట్టంగా పరుస్తారు. వేటగాండ్రు కందకపు గట్టున నేలలో తవ్వుకొన్న గూళ్లలో, వెలుతురు కోసం విడిచిన రంధ్రాల గుండా చూస్తూ దాగి ఉంటారు. రాత్రివేళ అడవి ఏనుగులు ఆడ ఏనుగుల గొంతు విని, వాసన పసిగట్టి, దారి వెదకుతూ వంతెన దాటి లోనికి వస్తాయి. ఇందులో మనుషులు మట్టి కింద ఉన్నారు, ఎర గాలిలో ఉంది. మనిషి గంధం నేలలో అణగి ఉండగా ఏనుగు గంధం ఊరేగుతుంది. నేలగూళ్ల ప్రయోజనం గంధగోపనమేనని అరియన్ చెప్పలేదు గాని, ఫలితం మాత్రం అదే.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కథ ఉదయనునిది. వత్సరాజు ఉదయనుడు వీణ మీటి ఏనుగులను వశపరచుకొనేవాడు. అతనిని పట్టడానికి ఉజ్జయిని రాజు కొయ్య ఏనుగును చేయించి, దాని కడుపులో భటులను దాచాడు. భాసుని ప్రతిజ్ఞాయౌగంధరాయణం మొదలుకొని కథాసరిత్సాగరం వరకు ఈ కథ ప్రసిద్ధమే. ధమ్మపదానికి పాలిలో ఉన్న అట్ఠకథ మాత్రం ఇందులో ఒక చిన్న వివరం చేర్చింది. కొయ్య ఏనుగు కడుపులో అరవై మంది అటూ ఇటూ నడుస్తూ, మధ్యమధ్య పారలతో ఏనుగు లద్దెను బయటికి వేస్తూ ఉండేవారట. ఆ లద్దె ఏనుగు ముక్కును మోసగించడానికి కాదు, ఉదయనుని కంటిని మోసగించడానికి. జాడ చదవడంలో ఆరితేరిన వేటగానిని పట్టడానికి జాడనే వలగా పన్నారు. అర్థశాస్త్రంలో లద్దె మనిషిని ఏనుగు నుండి దాచింది. ఇక్కడ మనుషులను మనిషి నుండి దాచింది. ఆ కొయ్య ఏనుగు నిజమైన మందను ఒక్క నిమిషం కూడా మోసగించలేదు, ఎందుకంటే అరవై మంది చెమట వాసన గాలికి అందకుండా ఉండదు. తనకు ప్రియమైన జంతువుకు ఉన్న ముక్కు తనకు లేకపోవడమే ఉదయనునికి బంధనమైంది. కథకుడు దీనిని విప్పి చెప్పలేదు, చెప్పనవసరం లేదు కూడా.

లేడిజాతి విషయంలో సంప్రదాయం మరో మార్గాన్ని చూపుతుంది. అమరసింహుడు సింహాదివర్గంలో ‘వాతప్రమీ’, ‘వాతమృగ’ అనే పర్యాయపదాలను చెప్పాడు. గాలిని కొలిచేది అని మొదటి పదానికి వ్యుత్పత్తి చెప్పవచ్చు. వేగాన్ని బట్టి ఆ పేరు వచ్చిందనే అర్థం కూడా కుదురుతుంది. జాతకాలలో పద్నాలుగవది వాతమిగ జాతకం. రాజోద్యానానికి వచ్చే వాతమృగం మొదట తోటమాలిని చూడగానే పారిపోయేది. తోటమాలి సంజయుడు తొందరపడలేదు. కొంతకాలం కనిపిస్తూ బెదురు తీర్చి, ఆపై గడ్డికి తేనె పూసి రుచి మరిపి, చివరకు దానిని రాజప్రాసాదం లోపలికి రప్పించాడు. జిహ్వచాపల్యాన్ని నిందించడం ఆ కథ ఉద్దేశం. మృగయాచరిత్ర దృష్టితో చదివితే మాత్రం అందులో మనిషి తన గంధాన్ని దాచలేదు. అలవాటు చేశాడు.

ఈ అలవాటు విద్యకు పదిహేనవ శతాబ్దపు విజయనగరంలో చక్కని ఉదాహరణ దొరుకుతుంది. శ్రీనాథుని కాలపు ప్రౌఢదేవరాయలకు, అంటే రెండవ దేవరాయలకు, ‘గజబేంటెకార’ అనే బిరుదు ఉంది. అది గజపతులపై విజయాన్ని సూచించే మాటయా, నిజంగా ఏనుగుల వేటను చెప్పే మాటయా అన్న చర్చ అలా ఉంచి, ఆయన రాజ్యానికి 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ ఏనుగులను పట్టే తీరును వర్ణించాడు. ఏనుగు నీటికి పోయే దారిలో గుంట తవ్వి పైన తేలికగా కప్పుతారు. దీనినే మన నిఘంటువులు ‘ఓదము’ అన్నాయి. ఏనుగు పడిన తరువాత రెండు మూడు రోజులు ఎవరూ దగ్గరికి పోరు. ఆపై ఒకడు వచ్చి కర్రతో గట్టిగా కొడతాడు. అంతలో మరొకడు వచ్చి వాడిని తరిమి, కర్ర లాగి పారవేసి, మేత వేసి పోతాడు. కొన్ని రోజులు ఇలా జరిగాక ఏనుగు రెండవవానికి మచ్చిక అవుతుంది. కొట్టేవాడు, కాచేవాడు వేరువేరు మనుషులని గుంటలోని జంతువు ఎలా గుర్తుపడుతుందో ఆ రాయబారి చెప్పలేదు. అంబొసెలి వస్త్రాలను దృష్టిలో ఉంచుకొంటే కన్నుకన్నా ముక్కు ఎక్కువ పని చేసి ఉండాలని ఊహించడం అసంగతం కాదు.

తెలుగు ప్రబంధాలలో వేట వర్ణన తప్పనిసరి అంగం. మనుచరిత్రలో స్వరోచి వేట, శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేట అందరికీ తెలిసినవే. ఇవి ప్రధానంగా కోలాహలపు వేటలు. వేటకుక్కలు, వలలు, డేగలు, సోపుకాండ్ర కేకలు వీటి సామగ్రి. జంతువును బెదరగొట్టి తరిమే వేటలో మనిషి వాసనను దాచవలసిన అవసరమే లేదు, అది కూడా తరిమే సాధనమే అవుతుంది. అందువల్ల గాలి ఎటు వీస్తున్నదో గమనించే ఒంటరి వేటగానికి ప్రబంధంలో చోటు తక్కువ. రాజుకు అది అవసరం లేదు, కవికి అది తెలియదు. కౌటిల్యుడు ఎనిమిదవ అధికరణంలో మృగయను సమర్థిస్తూ దానివల్ల కఫం, పిత్తం, మేదస్సు, చెమట తగ్గుతాయని చెప్పాడు. వేటగాని జాడను మృగానికి అందించేది ఆ చెమటేనన్న సంగతి వనపాలునికి తెలిసినంతగా వేట వినోదంగా గల రాజుకు తెలియనవసరం లేకపోయింది.

కావ్యం వదిలినదాన్ని భాష కొంత నిలుపుకొన్నది. ‘పసి’ అనే మాటకు వాసన అనే అర్థాన్ని బ్రౌన్ నిఘంటువు ఇచ్చింది. నేడు రహస్యాన్ని, రోగాన్ని, కుట్రను ‘పసిగట్టడం’ అంటున్నామంటే వాసన పట్టే జంతువు పనిని బుద్ధికి అన్వయించుకొంటున్నామన్నమాట. విశేషమేమిటంటే ఇందులో వాసన పట్టేది మృగమో వేటకుక్కో గాని మనిషి కాదు. తనకు లేని శక్తినే తెలుగువాడు తన తెలివికి పేరుగా పెట్టుకొన్నాడు. అలాగే ‘దీమము’ అనే మాట. తన జాతి మృగాలను రప్పించడానికి వేటగాడు మచ్చిక చేసి వాడే మృగానికి, పక్షికి ఇది పేరు. పాలిలో ఇదే అర్థంలో ‘దీపక’ శబ్దం ఉంది. తిత్తిర జాతకంలోని దీపక తిత్తిరి అటువంటి ఎర పక్షే. ఈ రెండు పదాల సంబంధాన్ని ధ్వనిపరంగా పరిశీలించవలసి ఉంది. అర్థశాస్త్రంలోని ఆడ ఏనుగులు ఒక విధంగా దీమపు ఏనుగులే.

వలసకాలపు శికారు సాహిత్యం విస్తారమైనది గాని, మన అంశానికి అందులో పనికివచ్చేది కొద్దే. మైసూరు రాజ్యంలో ఖెడ్డాను నెలకొల్పిన జి.పి. శాండర్సన్ 1878లో ప్రకటించిన గ్రంథం ఏనుగులను, అడవి దున్నలను కాలినడకన సమీపించడంలో కురుబ జాడగాండ్ర నైపుణ్యానికి ఎంతో ఋణపడి ఉంది. నైజాం రాజ్యంలో వైస్రాయి కర్జన్ 1902లో ఓరుగల్లు ప్రాంతపు నెక్కొండ దగ్గర వేటాడిన పులితో రాజా దీనదయాళ్ తీసిన ఛాయాచిత్రం ప్రసిద్ధం. అది సోపు వేట సంప్రదాయానికి చెందినది. ప్రబంధంలోని రాజవేటే తుపాకితో, కెమెరాతో మళ్ళీ జరిగిందనవచ్చు. వీటన్నిటికీ భిన్నంగా ఆలోచించినవాడు జిమ్ కార్బెట్. 1944లో వెలువడిన కుమావూ నరభక్షకుల గ్రంథంలో, మనుషులకు ఘ్రాణశక్తి లేదని పులికి తెలియదని, కాబట్టి మనిషిని వేటాడేటప్పుడు కూడా అది మృగాలను వేటాడినట్లే గాలికి ఎదురుగా వస్తుందని అతడు గ్రహించాడు. ముఖానికి గాలి తగులుతుంటే అపాయం వెనుక ఉంటుంది. అందుచేత అతడు గాలికి అడ్డంగా వంకరటింకరగా నడుస్తూ, అపాయాన్ని ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఉంచుకొనేవాడు. ఇక్కడ గంధాన్ని దాచుకొంటున్నది పులి. గాలిని చదువుతున్నది వేటకు గురి కావలసిన మనిషి. కౌటిల్యుని వనపాలుడు పూర్తిగా తలకిందులైన సందర్భమిది.

ఈ విద్య గ్రంథాలకే పరిమితం కాలేదు. 1980ల నుండి చిత్తూరు ప్రాంతపు కౌండిన్య అడవులలోకి, ఆ తరువాత ఒడిశా వైపు నుండి శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలలోకి ఏనుగులు వచ్చి, పంటలకూ ప్రాణాలకూ నష్టం కలుగుతున్నది. 2025లో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. కౌటిల్యుడు ఆడ ఏనుగులను చెప్పగా నేటి దక్షిణాదిలో కుంకీలు ఎక్కువగా మగవి, ఎందుకంటే వాటి పని మందలో కలవడం కాదు, మందను తరమడం. ఏనుగుల గణనలో మాత్రం లద్దె స్థానం చెక్కుచెదరలేదు. లద్దె కుప్పలను లెక్కించి మంద సంఖ్యను అంచనా వేసే పద్ధతి చాలాకాలంగా అమలులో ఉంది. ఇటీవలి జాతీయ గణనలో లద్దె నుండి డి.ఎన్.ఎ. తీసి ఒక్కొక్క ఏనుగును వేరుగా గుర్తించారు. ఆ లద్దెను సేకరించడానికి అడవిలో నడిచినవారు చాలావరకు స్థానిక అటవీ సిబ్బంది, వారితో నడిచే గిరిజనులు.